ఏనుగుకి పెట్టె ఏది?

కాకతీయ ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమదేవుడు వచ్చి రాజ్యం స్థాపించిన నాటి నుంచీ బస్తర్‌కి తెలుగువాళ్ల రాకపోకలు ఉన్నాయి. జగదల్‌పూర్‌లో ఇప్పటికీ మనవాళ్ల ఇళ్లు చాలా కనిపిస్తాయి. అలాంటి ఇంట్లో జరిగిన మాటలివి. ఇంటాయన బైలదిలా గనుల్లో పనిచేసి రిటైరయ్యాడు. జపాన్ మట్టిపాత్రలంటే ప్రాణం. మేనకోడలు కొండగావ్ కుమ్మరుల సరుకు పట్నం దుకాణాలకి చేర్చే పనిలో ఉంది. ఆ రోజు జపాన్ నుంచి ఆయనకి కొత్త పార్సిల్ వచ్చింది.

మావయ్య: నెమ్మదిగా! రెండు చేతులతో పట్టుకో. అది బిజెన్ గిన్నె. జపాన్ వాళ్లు సాకే తాగే చిన్న గిన్నె.

మేనకోడలు: బరువుగా ఉంది. మెరుగు లేదే?

మావయ్య: బిజెన్‌లో మెరుగు పుయ్యరమ్మా. వట్టి మట్టి, వట్టి మంట. పైన్ కట్టెలతో పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు, రాత్రీ పగలూ మనిషి కదలకుండా కూర్చుని కాలుస్తారు. వేడి 1200 డిగ్రీలు దాటుతుంది. ఈ భుజం మీద పసుపు చుక్కలు చూడు. కట్టెల బూడిద ఎగిరొచ్చి పడి, అక్కడే కరిగి అతుక్కుంది.

మేనకోడలు: మరి ఈ ఎర్ర చారలు?

మావయ్య: వరిగడ్డి. గిన్నెలు ఒకదానికొకటి అంటుకోకుండా మధ్యలో గడ్డి చుడతారు. గడ్డిలోని క్షారం, మట్టిలోని ఇనుము ఆ వేడిలో కలిసి చార దిగుతుంది. ఎక్కడ దిగుతుందో కుమ్మరి చేతిలో పూర్తిగా ఉండదు.

మేనకోడలు: మన కుమ్మరి ఆవం మీదా గడ్డే కప్పుతారు కదా మావయ్యా.

మావయ్య: కప్పుతారు, కాలిపోతుంది. ఏడెనిమిది వందల డిగ్రీల దగ్గర ఆగిపోయే మంటలో గడ్డి బూడిదై రాలిపోతుందే గాని అలాంటి గుర్తు మిగల్చదు. నీకు కోపం వస్తుందని తెలిసే చెబుతున్నాను. మన కుండ నీళ్లు చెమరుస్తుంది, గట్టిగా మోపితే పగులుతుంది. ఇది రాయిలా మోగుతుంది. గోటితో కొట్టి చూడు.

మేనకోడలు: మోగింది. కుండ చెమర్చబట్టేగా నీళ్లు చల్లబడేది? ఎండాకాలం మీరు బిజెన్ కూజాలో నీళ్లు పోసుకుని తాగండి, చూద్దాం. సరే, ఈ చెక్క పెట్టె ఏమిటి? పార్సిల్ కోసమా?

మావయ్య: అయ్యో, కాదు. గిన్నెతో సమానం అది. పౌలోనియా చెక్క, పురుగు పట్టదు, తేమని లోపలికి రానివ్వదు. మూత మీద చేసినవాడే సిరా కుంచెతో రాస్తాడు, ఇది ఫలానా గిన్నె, చేసింది ఫలానా నేను అని. కింద ఎర్ర ముద్ర. లోపల ఈ పసుపు గుడ్డ, ఒక కాగితం. ఆ కాగితంలో ఎప్పుడు పుట్టాడు, ఎవరి దగ్గర నేర్చాడు, ఏ ఏడు ఎక్కడ ప్రదర్శన పెట్టాడు, అన్నీ ఉంటాయి. పెట్టె పోగొట్టుకున్న గిన్నెకి అదే గిన్నె అయినా ధర బాగా పడిపోతుంది.

మేనకోడలు: అంటే మీరు కొన్నది గిన్నెనా, కాగితాన్నా?

మావయ్య: ఆ మాట అంటావని తెలుసు. రెండూ. కాగితం లేకపోతే నాలాంటివాడు జగదల్‌పూర్‌లో కూర్చుని ఏది మంచిదో ఎలా నేర్చుకుంటాడు? ఇది ఈయన ముప్పయ్యేళ్ల వయసులో చేసింది, అది యాభైలో చేసింది అని తెలిస్తేనే కదా చెయ్యి ఎలా మారిందో కనిపిస్తుంది.

(ఇక్కడ ఆ అమ్మాయి లేచి అలమరా కింది అరలోంచి ఒక మట్టి ఏనుగును తీసింది. జానెడు ఎత్తు. తొండం మీదుగా చిన్న చిన్న మట్టి గోళీలు వరసగా అద్ది గంటల పట్టెడ చేశారు. దాన్ని బల్ల మీద బోర్లించింది.)

మేనకోడలు: దీనికి పెట్టె ఏది మావయ్యా?

మావయ్య: దానికి పెట్టెందుకే? కొండగావ్ సంతలో కొన్నది.

మేనకోడలు: ఎవరు చేశారు?

మావయ్య: కుమ్మరులు.

మేనకోడలు: ఇందాక చారలు చూపించారుగా, ఇప్పుడు నేను చూపిస్తాను. కడుపు కింద ఈ రంధ్రం చూడండి. బోలు బొమ్మ కదా, గాలి పోయే దారి లేకపోతే ఆవంలో పేలిపోతుంది. వేలు పెట్టి తడమండి. లోపలి వైపు గీతలు తగులుతున్నాయా? ఒంటిని సారె మీద కుండలాగే లేపారు. కాళ్లు కూడా సారె మీద గొట్టాల్లా తీసి, సగం ఆరాక అతికారు. అతుకు దగ్గర ఒక బొటనవేలి అచ్చుంది. వెనక కుడికాలు దగ్గర. ఎవరిదో మనిషిది. మీ దగ్గర ఇది ఎన్నాళ్లనుంచి ఉంది?

మావయ్య: చాలా ఏళ్లు.

మేనకోడలు: చీటీ మీద ఏం రాశారు? చదువుతా. ‘బస్తర్, మట్టి.’ అంతే. ఊరు లేదు, ఏడు లేదు, పేరు లేదు. మ్యూజియంలో రాయి ముక్కకి కూడా ఏ కొండ మీద దొరికిందో రాస్తారు.

మావయ్య: ఆగాగు. నువ్వు కలపకూడని రెండింటిని కలుపుతున్నావు. జపాన్ కుమ్మరి గిన్నె చేసేది మనలాంటివాడు కొని, చేతిలో పట్టుకుని చూడ్డానికే. బస్తర్ ఏనుగు అలా పుట్టలేదు. మొక్కు తీరిందని పల్లెటూరి మనిషి కుమ్మరి దగ్గర కొని, మాత గుడి దగ్గర పెడతాడు. అక్కడే ఎండకి ఎండి, వానకి తడిసి, విరిగి, మట్టిలో కలుస్తుంది. పాత గుళ్ల దగ్గర విరిగిన గుర్రాల, ఏనుగుల కుప్పలు నువ్వూ చూశావుగా. ఎవరూ ఏరరు, ఎవరూ అతకరు. అక్కడ సంతకం చెయ్యమంటే ఆ కుమ్మరే నవ్వుతాడు. దేవుడికిచ్చేదానికి పేరెందుకని.

మేనకోడలు: గుడి దగ్గర పెట్టేవాటిని అడగట్లేదు నేను. వాటి జోలికి మీరూ పోవద్దు, నేనూ పోను. కానీ ఇది గుడికి వెళ్లలేదు. మీ అలమరాకి వచ్చింది. మీరు అలమరా కోసమే కొన్నారు. కొన్న క్షణాన అది మొక్కుబడి వస్తువు కాకుండా పోయింది, ధర దగ్గర మాత్రం మొక్కుబడి వస్తువుగానే ఉంచారు.

మావయ్య: పేరు లేకపోవడంలోనూ ఒక అందముంది. ఇది నా మాట కాదు. జపాన్‌లో యనగి సోఎత్సు అని ఒకాయన, 1925లో స్నేహితులు హమదా షోజి, కవాయి కంజిరోతో కలిసి మింగేయి ఉద్యమం మొదలుపెట్టాడు. పేరూ ఊరూ లేని పనివాళ్లు రోజువారీ వాడకానికి చేసిన వస్తువుల్లోనే అసలు అందం ఉందన్నాడు. 1936లో టోక్యోలో మ్యూజియం కూడా పెట్టాడు, నిహోన్ మింగేయికన్. అక్కడి చీటీలు ఎలా ఉంటాయో తెలుసా? నల్ల పలకల మీద ఎర్ర అక్షరాలతో ఒకటి రెండు మాటలు. ముందు చూడండి, తరువాత తెలుసుకోండి అని. నా చీటీ యనగి చీటీయే.

మేనకోడలు: బాగుంది. హమదా పేరు మీకెలా తెలిసింది?

మావయ్య: అదేమిటి? హమదా పేరు తెలియనివాడు...

మేనకోడలు: అదే నేననేది. పేరు లేని పనివాళ్ల అందం గురించి చెప్పిన ముగ్గురి పేర్లూ ప్రపంచమంతా తెలుసు. 1955లో జపాన్ ప్రభుత్వం మొదటి విడత కళాకారుల్ని జాతీయ జీవ నిధులుగా ప్రకటించినప్పుడు హమదా అందులో ఉన్నాడు.

మావయ్య: కవాయి వద్దన్నాడు కదా. ఆయన ఏ బిరుదూ తీసుకోలేదు. హమదా మాత్రం? మషికోలో స్థిరపడ్డాక కుండల మీద సంతకం మానేశాడు. తన పేరు చూసి కొనొద్దు, కుండని చూసి కొనమన్నాడు.

మేనకోడలు: కుండ మీద మానేశాడు. పెట్టె మీద?

మావయ్య: ... పెట్టె మీద చేశాడు.

మేనకోడలు: అదీ!

మావయ్య: సరే, అంత సంబరపడకు. హమదా వర్క్‌షాపులో మట్టి కలిపేవాళ్లు, సారె తిప్పేవాళ్లు ఎందరో. పెట్టె మీద ఒక్కడి పేరే. మన కుమ్మరి ఇంట్లో మట్టి తొక్కేదెవరు, జల్లించేదెవరు, గోళీలు అద్దేదెవరు? మన దేశంలో చాలాచోట్ల ఆడవాళ్లు సారె ముట్టరు, మిగతా పనంతా వాళ్లదే. రేపు నువ్వు చీటీ మీద మొగుడి పేరు ఒక్కటే రాస్తావు. అది న్యాయమా? పేరు రాయడం అంత తేలిక కాదని నేననేది.

మేనకోడలు: ఇది మాత్రం గట్టి మాట. కానీ దానికి మందు పేరు రాయకపోవడం కాదు, ఇద్దరి పేర్లూ రాయడం. జపాన్‌లోనూ ఆడవాళ్లని బట్టీ దగ్గరికి రానిచ్చేవారు కాదట. 1957లో త్సుబోయి అసుకా ఆడ కుమ్మరుల సంఘం పెట్టింది. ఇవాళ మీ కేటలాగుల్లో వాళ్ల పేర్లు ఎన్ని లేవు?

మావయ్య: ఉన్నాయి. ఆ మధ్య పోయిన మిషిమా కిమియో మట్టితో పాత వార్తాపత్రికలు చేసేది. నిజం పేపర్లే అనుకుంటాం, ముట్టుకుంటే పగిలిపోతాయి.

మేనకోడలు: అవేం వాడుకుంటారు మరి? ఇందాక అసలు అందం రోజువారీ వాడకపు వస్తువుల్లోనే ఉందన్నారే.

మావయ్య: జపాన్‌లో రెండు దారులూ ఉన్నాయి. యుద్ధం అయ్యాక 1948లో క్యోటో కుర్రాళ్లు సోదెయ్‌షా అని గుంపు కట్టారు. వాళ్లలో యగి కజువో 1954లో ఒక చక్రం లాంటిది చేసి నిలబెట్టాడు. ఒళ్లంతా గొట్టాల నోళ్లు. పువ్వు పెట్టడానికి లేదు, నీళ్లు పొయ్యడానికి లేదు. కుమ్మరి చేసినదానికి ఉపయోగం ఎందుకుండాలని అడిగాడు. పేరు కాఫ్కా కథలోంచి తీసుకున్నాడు, సంసా గారి నడక అని.

మేనకోడలు: అలాంటి ప్రశ్న కొండగావ్‌లో అడిగితే మాత్రం సంప్రదాయం పాడైందంటారు మీలాంటివాళ్లు.

మావయ్య: నేననలేదు. కళాకారిణి నవజోత్ అల్తాఫ్ 1990ల చివర్లో ముంబయి నుంచి కొండగావ్ వచ్చి, అక్కడి కళాకారులు శాంతిబాయి, రాజ్‌కుమార్ కోర్రాంలతో కలిసి పనిచేసింది. బోరింగుల దగ్గర ఆడవాళ్లు బిందె దించుకోవడానికి గట్లు, పిల్లల కోసం గుడిలాంటి చిన్న కట్టడాలు చేశారు. నాకు నచ్చాయి. భోపాల్ భారత్ భవన్‌లో చిత్రకారుడు స్వామినాథన్ 1982లోనే పట్నం చిత్రకారుల పనినీ అడవి కళాకారుల పనినీ ఒక్క కప్పు కింద పెట్టాడు. నేను అవన్నీ చూసినవాణ్నే. ఇక కొండగావ్ అంటే జయదేవ్ బఘేల్. ఢోక్రా పోతలో ఆయన పేరు దేశదేశాలు తిరిగింది. కానీ గమనించు, పేరు వచ్చింది లోహానికి. మట్టికి రాలేదు. కారణం నా చీటీ కాదు. ఇత్తడి విమానం ఎక్కుతుంది, మట్టి ఏనుగు కేశకాల్ ఘాట్ దిగేలోపే తొండం పోగొట్టుకుంటుంది.

మేనకోడలు: తొండాలు విరిగి తిరిగొచ్చిన పెట్టెల లెక్క నన్నడగండి, నేను చెబుతా. గడ్డి కుక్కి, రంపపు పొట్టు పోసి, పాత చీరలు చుట్టి పంపినా పోతాయి. ఒప్పుకుంటున్నాను. అయినా బిజెన్ గిన్నె సముద్రం దాటి మీ ఇంటికి పగలకుండా వచ్చింది. గట్టిదవడం ఒక్కటే కాదు, దానికి తగ్గ పెట్టె ఉంది. మనకి ఆ పెట్టె ఖర్చు బొమ్మ ధరకన్నా ఎక్కువ. అంటే మళ్లీ ధర దగ్గరికే వచ్చాం.

మావయ్య: ధర పెంచితే కొనేవాడెవడు?

మేనకోడలు: మీరు ఈ గిన్నెకి ఎంత పెట్టారు?

మావయ్య: అది వేరే సంగతి.

మేనకోడలు: చెప్పండి.

మావయ్య: ముప్పయి వేల యెన్లు. అత్తయ్యకి చెప్పకు.

మేనకోడలు: ఏనుగుకి?

మావయ్య: రెండొందలు చెప్పాడు. నూటయాభైకి ఇచ్చాడు.

మేనకోడలు: జపాన్ వాడితో బేరం ఆడారా?

మావయ్య: అక్కడ బేరం ఆడరు.

మేనకోడలు: అక్కడ ఆడరు కాదు, మీరు ఆడలేదు. ఇక్కడ ఆడారు. గిన్నె గురించి నెల రోజులు చదివి కొన్నారు. ఏనుగుని నిలబడ్డపాటున కొన్నారు. ముప్పయి వేల యెన్లకీ నూటయాభై రూపాయలకీ మధ్య తేడా అంతా మంటలో ఉందంటే నేను నమ్మను. అందులో సగం మీ చదువులో ఉంది.

మావయ్య: అలా అయితే నేను నీకొక గిన్నె కథ చెబుతాను. క్యోటోలో దైతొకుజి దగ్గర కోహోఆన్ అనే ఆలయంలో ఉంది. పేరు కిజాఎమోన్. జపాన్ జాతీయ సంపద. తేనీటి గిన్నెలన్నిటికీ రాజు. దాన్ని చేసింది జపాన్ వాడు కాదు, కొరియా కుమ్మరి. పదహారో శతాబ్దంలో ఏ పల్లెలోనో ఆదరాబాదరాగా తీసిన గిన్నె. అడుగున మెరుగు ముద్దలు కట్టి ఉంటుంది. జపాన్ తేనీటి గురువులు దాంట్లో అందం చూశారు. 1775లో మత్సుదైరా ఫుమయి అనే ప్రభువు 550 బంగారు ర్యోలిచ్చి కొన్నాడు. యనగి వెళ్లి చూసినప్పుడు పెట్టెలో పెట్టె, ఆ పెట్టెలో ఇంకో పెట్టె తీసి చూపించారు. ఏ పేరూ లేని మనిషి చేసిన గిన్నె అది! నీ చీటీ లేకుండానే అంత దూరం వెళ్లింది. చూసే కన్ను ఉంటే చాలు.

మేనకోడలు: కిజాఎమోన్ అంటే ఎవరు?

మావయ్య: ఒసాకాలో వర్తకుడు. ఒకప్పుడు ఆ గిన్నె ఆయన దగ్గరుండేది.

మేనకోడలు: అంటే గిన్నెకి పేరుంది. కొన్నవాడి పేరు.

మావయ్య: ...

మేనకోడలు: నా తరఫు సాక్షిని మీరే పిలిచారు మావయ్యా. ఆ 550 ర్యోల్లో కొరియా పల్లెకి ఒక్కటీ చేరలేదు. చేరకపోగా, 1592లో జపాన్ పాలకుడు హిదెయోషి సైన్యం కొరియా మీద పడ్డప్పుడు తిరిగొస్తూ కుమ్మరుల్నే పట్టుకొచ్చారు. అరితాలో జపాన్ పింగాణీ మొదలైందే అలా వచ్చిన కొరియా వాళ్లతో. కన్ను ఉంటే చాలు అంటే ఇదీ జరిగేది. కన్ను కొన్నవాడిది, పేరూ కొన్నవాడిదే.

మావయ్య: నువ్వు చరిత్రంతా నా నెత్తిన రుద్దకు. నేను సంతలో ఏనుగు కొన్నవాణ్ని, సైన్యం తోలుకుని వెళ్లలేదు.

మేనకోడలు: మీరు తోలింది ఖనిజం. 1960లో జపాన్‌తో ఒప్పందమైంది, 1968 నుంచి బైలదిలా కొండ తవ్వి, కిరందుల్ నుంచి కొత్తవలస దాకా వేసిన రైలుదారిలో విశాఖ చేర్చి, ఓడలెక్కించి జపాన్ ఉక్కు మిల్లులకి పంపారు. ఆ ఇనుమే కదా మీ గిన్నె మీద చార అని నేను అననుగాని, మనం టన్నుల్లెక్కన పంపాం, వాళ్లు పెట్టెలో పెట్టి పేరు రాసి పంపారు.

మావయ్య: (నవ్వి) ముప్పయ్యేళ్ల నౌకరీని రెండు ముక్కల్లో తేల్చేశావు. కానీ ఒకటి విను. జపాన్‌లో పేరు, పెట్టె సేకరించేవాళ్లు మంచి మనసున్నవాళ్లు కాబట్టి రాలేదు. ప్రభుత్వం జాతీయ జీవ నిధికి ఏటా 20 లక్షల యెన్లిస్తుంది, శిష్యులకి నేర్పమని. డిపార్ట్‌మెంట్ స్టోర్లలో కుమ్మరుల ప్రదర్శనలకి చోటిస్తారు. మామూలు గృహిణి కూడా అన్నం గిన్నె ఏ ఊరిదో అడుగుతుంది. మన దగ్గర సర్కారు శబరి ఎంపోరియంలో ఏముంది? వరసగా ఒకే ఎత్తు బొమ్మలు. ఢోక్రాకి, ఇనప పనికి జీఐ గుర్తింపులు ఇచ్చారుగా, సరిపోలేదా?

మేనకోడలు: జీఐ ఊరి పేరుని కాపాడుతుంది. మనిషి పేరుని కాదు. బస్తర్ అన్న మాట అమ్ముడవుతుంది, బస్తర్‌లో ఎవరన్నది కాదు. 2020 దీపావళికి ఏమైందో గుర్తుందా? కొండగావ్ అశోక్ చక్రధారి దీపం. నూనె అయిపోతుంటే దానంతటదే దిగి నిండే ప్రమిద.

మావయ్య: గుర్తుంది. కోళ్ల ఫారంలో నీళ్ల డబ్బాలాగా బోర్లించిన బుడ్డి. కింద నూనె తగ్గితే గాలి లోపలికి పోయి మళ్లీ కొంచెం దిగుతుంది. తెలివైన పని.

మేనకోడలు: వీడియో తిరిగింది, దేశమంతటా ఫోన్లు మోగాయి. మట్టి మనిషి పేరు జనం మొదటిసారి పలికారు. ఆ ఏడు దాన్ని చూసి ఎన్ని ఊళ్లలో నకళ్లు దిగాయో నేను చూశాను. కానీ ఫోన్ చేసినవాళ్లు ఆయన పేరుతోనే అడిగారు. పేరు ఉంటే ఏమవుతుందో అక్కడ చూడండి.

మావయ్య: అది ఒక్క దీపం, ఒక్క దీపావళి. బిజెన్‌లో కనెషిగె తోయో 1956లో జీవ నిధి అయ్యాక ఆ ఊరంతా నిలబడింది. అది తరాల పని. పుదుచ్చేరిలో చూడు. బిజెన్‌లో యమమోతో తోషు దగ్గర నేర్చుకున్న డెబోరా స్మిత్, రే మీకర్‌తో కలిసి 1971లో గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ పెట్టింది. అక్కడ నేర్చుకున్నవాళ్లు ఇవాళ దేశమంతా గట్టిమట్టి పాత్రలు చేస్తున్నారు. మన కుమ్మరికి ఆ మంట నేర్పు ముందు. ఆ తరువాత పేరు సంగతి.

మేనకోడలు: నేర్పుదాం, వద్దన్నానా? నేర్చుకుంటానన్న కుర్రాళ్లు ఉన్నారు. కానీ ఎక్కువ మంటలో కాలిందే మంచిదంటే ఒప్పుకోను. ఏనుగుని 1200 డిగ్రీల్లో కాలిస్తే మన మట్టి కుంగిపోతుంది. ఆ మట్టికి తగ్గ మంట అదే. నగర్నార్ అంటే ఇవాళ అందరికీ స్టీల్ ప్లాంట్. 2023లో జాతికి అంకితం చేశారు. అంతకు ముందు ఆ ఊరికి కుమ్మరుల పేరుండేది. ఆ ఏనుగులు ఎలా చేసేవారో తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. జపాన్ మంట వచ్చేదాకా వాళ్లు ఆగాలా?

మావయ్య: సరే, నన్నేం చెయ్యమంటావు? జపాన్ గిన్నెలు మానెయ్యాలా?

మేనకోడలు: మానొద్దు. మీరు వాటిని చూసే తీరు నాకిష్టం. రెండు చేతులతో పట్టుకొమ్మన్నారే, నాకు ఎవరూ అలా చెప్పలేదు. అదే తీరు కింది అరకి కూడా దించండి. ఊరు, ఏడు, చేసిన ఇద్దరి పేర్లు, ఆవం కాల్చిన నెల. ఒక నోటుబుక్కు చాలు. మీ తరువాత అలమరా ఎవరి చేతికి వెళ్లినా అది తెలియాలి.

మావయ్య: ఈ పాత ఏనుగుకి ఇప్పుడెవర్ని అడగను? అమ్మినవాడి మొహం కూడా గుర్తులేదు.

మేనకోడలు: కొండగావ్‌లో నలుగురికి చూపిస్తే గోళీలు అద్దిన తీరు చూసి ఏ ఇంటిదో చెప్పగలవాళ్లున్నారు. మీరు బూడిద చుక్క చూసి బట్టీ చెప్పినట్టే.

మావయ్య: వస్తాను. పేరు అడుగుతాను, రాస్తాను. మనం పేరు రాసినంతమాత్రాన వాళ్ల బతుకు మారుతుందని మాత్రం ఇప్పటికీ నమ్మట్లేదు. పెట్టె తరువాత, దుకాణం ముందు. ఆ దుకాణం నువ్వు నిలబెట్టు, చూస్తాను. బేరం ఆడనని కూడా మాటివ్వలేను. యాభయ్యేళ్ల అలవాటు.

మేనకోడలు: ఆడండి. ముప్పయి వేల యెన్లు పోసిన జపాన్ వాడి దగ్గర ముందు ఆడి చూపించి, తరువాత కొండగావ్ రండి.